సగం బిగువు మీద వెళ్లిన బండి

"పట్టు" అన్నాడాయన.

"పట్టినా" అన్నాను నేను.

పెళ్లయిన నాటి నుంచి మా ఇద్దరి మధ్య ఎన్ని మాటలు నడిచాయో, ఎన్ని తిట్లు నడిచాయో. ఆఖరికి మిగిలినవి ఈ రెండు మాటలే. బ్రేకులో గాలి తీసేటప్పుడు చక్రం దగ్గర కూర్చున్న మేస్త్రి ఒకటి అంటాడు, పెడల్ మీద కాలు పెట్టుకున్న మనిషి ఒకటి బదులు చెబుతుంది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు ముందు అదేమిటో చెప్పాలి. "తొక్కు" అంటే పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కాలి. "పట్టు" అంటే తొక్కిన కాలు అట్లాగే అదిమి ఉంచాలి. అప్పుడు మేస్త్రి చక్రం దగ్గరున్న చిన్న నిపుల్ వదులు చేస్తాడు. బుడగలతో కలిసి బ్రేక్ ఆయిల్ చిమ్ముతుంది. మళ్లీ బిగిస్తాడు. "వదులు" అన్నప్పుడే కాలు తీయాలి. ముందే తీస్తే బయటి గాలి లోపలికి దూరుతుంది, చేసిన పనంతా మొదటికొస్తుంది.

ఆ రోజు ఆయన "వదులు" అనలేదు. నేను డ్రైవర్ సీట్లో ఉన్నాను. ఆయన నా తలుపు పక్కనే, కుడి ముందు చక్రం దగ్గర కింద కూర్చుని ఉన్నాడు. నా పిక్క పట్టేసింది. "ఏమయ్యా, వదలాల్నా?" అని అడిగాను. పలకలేదు. నిపుల్ తుడుస్తున్నాడేమో అనుకున్నాను. కాలు మాత్రం తీయలేదు. పక్కన పంక్చర్ షాపు మస్తాను టీ తాగి వస్తూ చూసి కేక పెట్టాకే దిగాను. గూడూరు ఆసుపత్రికి చేరేలోపే ఊపిరి ఆగిపోయింది.

నా పేరు వెంగమ్మ. చిల్లకూరు దగ్గర, కోట రోడ్డు హైవే మీదికి ఎక్కే చోట మాది బ్రేకుల షెడ్డు, దాని వెనకే ఇల్లు. ఆయన పేరు పెంచలయ్య. ఆయన పోయాక మోకాళ్లు మొరాయించేదాకా నేనే నడిపాను, ఇప్పుడు వేరేవాళ్లకు అప్పజెప్పాను. నాకు సంతకం వచ్చు, సామాన్ల మీద ఉండే అంకెలు వచ్చు, అంతకు మించి అక్షరం రాదు. నేను చెబుతుంటే మా అన్న కూతురు భార్గవి రాస్తోంది. ఎన్ని బండ్లు చేశాం, ఎవరు మెచ్చుకున్నారు అనేవి ఎవరికీ పనికిరావు. ఆయన పోయేటప్పుడు చేతిలో ఉన్న ఆ ఒక్క బండి గురించి చెబుతాను. ఈ పనిలో భయపడాల్సింది దేనికో దాంట్లోనే తెలుస్తుంది.

కాలిన ఆయిల్ పూత

ఆ బండి రమణయ్యన్నది. కోట అవతల ఆయనకు రొయ్యల గుంటలున్నాయి. మేత బస్తాలు, రొయ్య పిల్లల డబ్బాలు అన్నీ ఆ కార్లోనే. ఉప్పునీళ్లు కారుతూ ఉంటాయి, కట్టల మీద తిరుగుడు, సముద్రపు గాలి. మా వైపు బండ్లకు అడుగు భాగం తుప్పు పట్టి రాలిపోవడం మామూలు. దానికి మావాళ్లు కనిపెట్టిన మందు ఒకటుంది. ఇంజిన్‌లో నుంచి తీసిన కాలిన ఆయిల్‌లో డీజిల్ కలిపి, వానలకు ముందు బండి కిందంతా గుడ్డతో పూస్తారు. ఇనుముకు అది మంచిదే. కానీ పూసే చెయ్యి రబ్బరును చూసి ఆగదు. బ్రేకు పైపుల మీద కూడా పూసేస్తారు.

బ్రేకు రబ్బరుకు ఆ నూనె పడదు. నానిన శనగలాగా ఉబ్బుతుంది. బయట చూస్తే నల్లగా నిగనిగలాడుతూ కొత్తదానిలా ఉంటుంది. లోపల దారి మూసుకుపోతూ ఉంటుంది. తొక్కితే ఆయిల్ బలవంతంగా పోతుంది గానీ, కాలు తీశాక వెనక్కి రాదు. చక్రం పట్టేసి కాలిపోతుంది. రమణయ్యన్న బండికి అదే అయింది. వాసన చూసి "ఏదో పొంగలి మాడినట్టుండాది పెంచలయ్యా" అంటూ తెచ్చి ఆపాడు.

"ఈ రబ్బరు గోలే వొద్దు. స్టీలు అల్లిక పైపులు వేసెయ్. మనవడికి పుట్టెంటికలు తియ్యను కొండకు పోవాల. ఇంట్లోవాళ్లంతా ఉంటారు, ఆ ఘాటు రోడ్డు దిగాల" అన్నాడు.

పైపులు తెప్పించింది కూడా రమణయ్యన్నే.

స్టీలు పైపు అంటే

లోపల నున్నటి తెల్ల గొట్టం, దాని మీద స్టీలు తీగతో వల అల్లినట్టు అల్లిక. రబ్బరు పైపు తొక్కినప్పుడల్లా కొంచెం ఉబ్బుతుంది, మన కాలి బలం కొంత ఆ ఉబ్బుకే పోతుంది. స్టీలు అల్లిక ఉబ్బనివ్వదు. పెడల్ గట్టిగా, తేటగా ఉంటుంది. ఉన్న లాభం అంతే. ఇవి వేస్తే బండి తాడు కట్టి లాగినట్టు ఆగుతుందని చెప్పి అంటగట్టేవాళ్లుంటారు. బండిని ఆపేది ప్యాడ్లు, టైర్లు. అవి అరిగిపోయినవాడికి స్టీలు పైపులు వేయడమంటే చెప్పుల్లేనివాడికి తలపాగా చుట్టడమే.

ఇంకొకటి. ఆ అల్లిక ఆకురాయి లాంటిది. దేనికి రాసుకుంటే దాన్ని కోస్తుంది. టైరుకు రాసుకుంటే టైరును, పక్కన సన్న గొట్టముంటే దాన్ని కూడా. అందుకే వేశాక స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూడాలి. చక్రం జాకీ మీద వేలాడేటప్పుడు ఒకసారి, నేల మీద బరువు పడ్డాక ఒకసారి. పైపు మెలిపడకూడదు, బిగుసుకోకూడదు. మా తీరంలో అయితే పైన ప్లాస్టిక్ తొడుగు ఉన్నదే వేయాలి. లేకపోతే ఉప్పు ఇసుక అల్లికలోకి దూరి లోపలి నుంచి నమిలేస్తుంది, బయటికేమీ కనిపించదు.

పైపు చక్రం దగ్గర కలిసే చోట మధ్యలో తూటు ఉన్న బోల్టు ఉంటుంది. దానికి రెండు వైపులా రాగి వాషర్లు. పాత వాషర్లు మళ్లీ వేయొద్దు. ఎంత బాగున్నా వేయొద్దు.

మా ఆయన పద్ధతి

పని నేర్పిన గురువైనా, యజమానైనా నాకు మా ఆయనే. మంచి మేస్త్రి, చెడ్డ నోరు. ఇచ్చిన పానా తప్పు సైజుదైతే దాన్ని గోడకేసి కొట్టేవాడు. "మేస్త్రి చెయ్యి, మేస్త్రమ్మ కాలు" అని మస్తాను ఎగతాళి చేసేవాడు. నిజమే, ఏళ్ల తరబడి నాకు కాలి పనే ఇచ్చాడు. చేతి పని నేను చూసి నేర్చుకున్నదే గాని ఆయన చెప్పింది తక్కువ.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. ఆ తూటు బోల్టులను మొదట సగం బిగువే వేసేవాడు. నాలుగు చక్రాలకూ గాలి తీశాక, నన్ను బలంకొద్దీ పెడల్ అదిమి కూర్చోమని, బండి చుట్టూ తిరిగి ఒక్కో బోల్టును వేలితో తడిమి తడి చూసి, అప్పుడు రెండో బిగువు వేసేవాడు. రాగి మెత్తన, ఒత్తిడి పడ్డాక సర్దుకుంటుంది అనేది ఆయన వాదం. రెండో బిగువు పడిన బోల్టు మీద తెల్లరంగుతో ఒక చుక్క. చుక్క లేని బండి షెడ్డు దాటేది కాదు.

ఆయన చేతిలో ఆ పద్ధతి ఎప్పుడూ తప్పలేదు. అయినా చెబుతున్నాను, అది చెడ్డ పద్ధతి. పని సగంలో ఆగిపోతే ఎక్కడ ఆగిందో ఆ మనిషి తలలో తప్ప ఇంకెక్కడా ఉండదు. ఆ తల ఒరిగిపోతే?

ఒరిగిపోయింది. కుడి ముందు చక్రానికి గాలి తీస్తూ ఒరిగిపోయాడు. నాలుగు చక్రాల బోల్టులూ సగం బిగువు మీదే ఉన్నాయి. ఒక్కదాని మీద కూడా చుక్క లేదు.

చెప్పకుండా వెళ్లిన మనిషి

చావింటికి జనం వస్తారు, కూర్చోవడానికి చోటు కావాలి. షామియానా వేయాలంటే బండి అడ్డం. మస్తాను మంచితనంతో నిపుల్ బిగించి, చక్రం ఎక్కించి, బండిని కంచె వారకు తోసి పెట్టాడు. ఆ రోజు నాకు ఒళ్లు తెలియదు. అది ఎవరు చేశారో, ఏం చేశారో నేను అడగలేదు.

దినాలు నడుస్తుండగా ఒకరోజు సాయంత్రం రమణయ్యన్న పరామర్శకు వచ్చాడు. నా ఎదురుగా కింద కాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి వెళ్లిపోయాడు. చావింటి నుంచి వెళ్లేటప్పుడు పోయొస్తానని ఎవరూ చెప్పరు కదా. నేనూ తల ఎత్తలేదు.

మర్నాడు పొద్దున మొహం కడుక్కోవడానికి కొళాయి దగ్గరకొచ్చి చూస్తే కంచె వార ఖాళీ.

"మస్తానూ, రమణయ్యన్న బండి యాడ?"

"నిన్న సాయంత్రమే తీసకపోయినాడు గదక్కా. నీ కాడ కూర్చోని లేచినాడే, అప్పుడే."

"నాతో చెప్పలా."

"చావింట్లో చెప్పి పోతారా ఎవురైనా? మేకుకుండే తాళం తీసుకున్నాడు, కళ్లు తుడుచుకుంటా పోయినాడు. పెడల్ తొక్కి చూసినాడులే. రాయి మాదిరి ఉండాదన్నాడు."

"చక్రం ఎక్కించేటప్పుడు బోల్టు మీద చుక్క చూసినావా?"

"ఏం చుక్కక్కా?"

నా చేతిలో చెంబు కింద పడింది.

"ఈపొద్దే కొండకు పోతా ఉండారు. పొద్దన్నే బయలుదేరతామన్నాడు. ఏమైందక్కా?" అన్నాడు మస్తాను. అప్పటికే వాడి మొహం మారిపోయింది.

పెడల్ గట్టిగా ఉంటుంది. మొదటి రోజు అట్లాగే ఉంటుంది. మెల్లగా ఇంటికి తోలుకుపోతే ఏమీ తెలియదు. ఇంటిల్లిపాదీ ఎక్కి, బరువు పడి, బలంగా తొక్కాల్సిన చోట తొక్కితే అప్పుడు ఆ బోల్టు ఆయిల్ కక్కుతుంది. ఘాటు దాకా కూడా పోనక్కర్లేదు. ఘాటులో అయితే ఇక చెప్పేదేముంది.

మా ఆయన ఫోను నా దగ్గరే ఉంది. దానితో చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. చనిపోయిన మనిషి పేరు తెర మీద పడుతుంటే శుభానికి పోతూ ఎవరెత్తుతారు? ఆ సంగతి నాకు ఆ గాభరాలో తట్టలేదు. ఆ నంబరుకే మస్తాను తన ఫోనుతో చేశాడు. తెలియని నంబరని కాబోలు, అదీ ఎత్తలేదు.

"పోయినారేమో మస్తానూ."

"లేదక్కా. తెల్లారకముందే షాపు తీసినా. ఆ బండి ఇట్ట రాలా."

కోట నుంచి కొండకు పోవాలంటే మా ముందు నుంచే పోవాలి, మా ముందే హైవే ఎక్కాలి. నేను కంచె దాటబోతుంటే మా ఆడబిడ్డ తలుపు దగ్గర నుంచి కేకేసింది.

"యాడికి మే? దినాలు కాకముందే రోడ్డెక్కతావా? అందునా పుట్టెంటికలకు పోయే బిడ్డకు ఎదురా?"

"ఎక్కకపోతే ఆ ఇంట్లో దినాలు పెట్టాల్సొస్తాది వదినా."

ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్లీ ఆపలేదు.

ఎత్తు మీద

బ్రేకు మీద నమ్మకం లేని బండిని ఆపాలంటే దాని ముందు నిలబడకూడదు. నిలబడితే నడిపేవాడు ఉలిక్కిపడి బలంకొద్దీ తొక్కుతాడు. సగం బిగువు బోల్టు కక్కేది ఆ తొక్కుడుకే. మస్తానుకు ఇదే చెప్పాను.

"మోటార్ సైకిలేసుకొని ఎదురు పో. అడ్డం మాత్రం పడబాక. వెనక్కి తిరిగి పక్కన్నే రా. బ్రేకు తొక్కబాక, గేరు తగ్గించు అని చెప్పు. ఇంకేం చెప్పబాక, కంగారు పడతాడు."

మా దగ్గర కోట రోడ్డు హైవేలో కలిసే ముందు ఎత్తు ఎక్కుతుంది. ఆ ఎత్తులో యాక్సిలరేటర్ మీద కాలు తీసి గేరు తగ్గిస్తే బండి దానంతట అదే నిలబడుతుంది. నిలబడకుండా ఎత్తు దాటితే అవతల లారీలు. చక్రాల కింద పెట్టే చెక్క దిమ్మ చంకన పెట్టుకుని ఆ ఎత్తు మొదట్లో రోడ్డు పక్కన నిలబడ్డాను.

వచ్చింది. తెల్లబండి, అద్దానికి పసుపు బొట్లు, ముందు నిమ్మకాయలు. పక్కన మస్తాను చెయ్యి ఊపుతూ అరుస్తున్నాడు. ఏసీ వేసుకుని అద్దాలు ఎత్తుకున్నారు, మాట వినపడదు. రమణయ్యన్న పక్క సీట్లో ఆయన భార్య ఆదెమ్మ, ఒళ్లో మనవడు. వెనక కోడలు, ఇంకెవరో.

ఆదెమ్మ నన్ను చూసింది. దినాల్లో ఉన్న నా మొహం కనబడగానే బిడ్డ మొహం మీద చెంగు కప్పింది. ఆమె ఏమందో గాని రమణయ్యన్న కూడా నా వైపు చూశాడు. చూసి, ఎదురు తప్పించుకుపోవాలని వేగం పెంచాడు. ఇంజిన్ చప్పుడు పెరగడం విన్నాను. నేను అక్కడ నిలబడడమే ఆ బండిని తరుముతోంది.

దిమ్మతో సహా రోడ్డు పక్క కాలవ గట్టు కిందికి దూకి కూర్చున్నాను. కంపచెట్టు గీరుకుంది. నేను కనబడకపోయేసరికి చప్పుడు తగ్గింది. అప్పుడు మస్తాను అద్దం మీద అరచేత్తో బాదుతూ అరిచిన అరుపు నాకే వినబడింది.

"బ్రేకు తొక్కబాకన్నా! గేరు! గేరు!"

తొక్కొద్దంటే తొక్కి చూడని మనిషి ఎక్కడున్నాడు? తొక్కాడు. పెడల్ సగం దాకా పోయింది, రెండోసారికి నేలకు తగిలింది. ఆయన తర్వాత చెప్పిన సంగతి ఇది. బండి దాటాక తల ఎత్తితే నాకు కనబడింది మాత్రం, అది ఒక్కసారి ముక్కు వంచి మళ్లీ వదిలేసి ఎత్తు ఎక్కడం. హైవే మీద లారీ హారన్ కొడుతూనే ఉంది. రమణయ్యన్న గేరు లాగాడు. ఇంజిన్ మూలిగింది. ఇంకా లాగాడు. బండి కుదుపుకుంటూ, ఎత్తు చివరికి చేరి, నిలబడిపోయింది.

నిలబడి, వెనక్కి జారడం మొదలుపెట్టింది. హ్యాండ్ బ్రేకు తీగ ఉప్పుగాలికి ఎప్పుడో తుప్పు పట్టి ఉంది, లాగినా పట్టదు. నేను గట్టెక్కి పరిగెత్తి వెనక చక్రం కింద దిమ్మ తోశాను. బండి దాని మీదికి ఒరిగి ఆగింది.

మొదట దిగింది ఆదెమ్మ.

"ఎదురొస్తే వొచ్చినావు తల్లీ, దిమ్మ గూడా పెట్టాల్నా? బిడ్డ పుట్టెంటికలకు పోతా ఉంటే!"

నేను మాట్లాడకుండా కుడి ముందు చక్రం లోపలికి చెయ్యి పెట్టి తీసి చూపించాను. మణికట్టు దాకా తడి.

"ఏందది? నీళ్లా?"

రమణయ్యన్న చెప్పాడు, "నీళ్లు కాదులే. బ్రేకు ఆయిలు." చెప్పి అట్లాగే రోడ్డు మీద కూలబడ్డాడు.

ఆదెమ్మ కాలు

అందరం తోసుకుంటూ బండిని షెడ్డులోకి తెచ్చాం. రమణయ్యన్న తాళం తీసి నా చేతిలో పెట్టాడు.

"చావింటి నుంచి పొయ్యేటప్పుడు చెప్పి పోగూడదు గదమ్మా. అందుకే..."

"పోయొస్తానని చెప్పబాకన్నా. బండి తీసకపోతా ఉండానని చెప్పొచ్చు గదా."

"ఆ బండి కాడనే గదా ఆయన... నీ ముందర దాని మాటెత్తను నాకు నోరెట్ట వస్తాది?"

ఆ మనిషి చేసింది మర్యాదే.

నాలుగు బోల్టులూ తీసి కొత్త రాగి వాషర్లు వేశాను. మా ఆయన పద్ధతిలో కాకుండా ఒకేసారి పూర్తి బిగువు వేశాను. ఆయిల్ పోయింది, గాలి చేరింది, మళ్లీ గాలి తీయాలి. పెడల్ మీద కాలు కావాలి. రమణయ్యన్న కాలు నిలబడేట్టు లేదు. మస్తాను ఆయిల్ డబ్బా పట్టుకుని పోస్తుండాలి. ఆదెమ్మే చీర ఎగ్గట్టి సీట్లో కూర్చుంది.

"పట్టు" అని నేనంటే కాలు తీసేది.

"పట్టు అంటే పట్టాల మే, తియ్యగూడదు!"

"దేన్ని పట్టాల? స్టీరింగు పట్టుకోనే ఉండా గదా!"

మస్తాను నవ్వాడు. నవ్వి, షామియానా వైపు చూసి నోరు మూసుకున్నాడు. కోడలు కూడా నవ్వింది. ఎడమ వెనక చక్రం అయ్యేసరికి ఆదెమ్మకు పట్టుబడింది. కుడి ముందుకొచ్చేసరికి నా మాట కంటే ముందే బదులు చెబుతోంది.

పని అయ్యాక తుడిచి, తడి చూసి, చుక్కలు పెట్టి, నేనే కోట రోడ్డు మీద ఖాళీ బండి తోలి మళ్లీ మళ్లీ బలంకొద్దీ తొక్కి తెచ్చాను. మనుషులను ఎక్కించే ముందు మనం ఎక్కి చూడాలి. హ్యాండ్ బ్రేకు తీగ కూడా మార్చాను.

వాళ్లు మళ్లీ బయలుదేరారు. ఆదెమ్మ నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించి చెప్పింది. "నీ మీద ఏం లేదు తల్లీ. బిడ్డ సంగతి గదా. కాస్త ఆ గోడ పక్కకు పో." నేను గోడ పక్కకు వెళ్లి నిలబడ్డాను. నాకు కోపం రాలేదు. మనుషులు మారతారని ఈ పని చేయలేదు.

ఆ మర్నాడు సాయంత్రం మా ఆయన ఫోను మోగింది. రమణయ్యన్న.

"కిందికి దిగినామమ్మా" అన్నాడు.

"పెడల్ ఎట్లుండాది?"

"బాగుండాది."

ఆయనా ఫోను పెట్టేయలేదు, నేనూ పెట్టేయలేదు. వెనక బిడ్డ ఏడుపు వినబడుతూ ఉంది.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు

పెడల్ గట్టిగా ఉందంటే పని అయిందని కాదు. చూసిన చెయ్యి, బిగించిన చెయ్యి ఎవరిదో తెలియని బండి మీద కాలు పెట్టవద్దు. సగం బిగువు అనేది ఉంచవద్దు. టీకి లేచినా, ఎవరో పిలిచినా, చేతిలో బోల్టు పూర్తి చేసి లేవాలి. పూర్తి చేయలేకపోతే స్టీరింగ్‌కు ఎర్రగుడ్డ కట్టి లేవాలి. ఆ తర్వాత నా షెడ్డులో తాళాలు మేకుకు వేలాడలేదు, నా బొడ్లోనే ఉండేవి. ఇంట్లో పెళ్లైనా చావైనా, తాళం అడిగి తీసుకోవాల్సిందే. అడగడం అమర్యాద అనుకునేవాళ్లకు నేనే ముందు అడిగేదాన్ని, "బండి కోసం వొచ్చినావా అన్నా?" అని. కొందరు తప్పుగా అనుకున్నారు. అనుకోనీ.

ఇంక చాల్లే భార్గవీ. గొంతు పోయింది. రాగి వాషర్ల కాడ నేను గబగబా చెప్పినా. పాతవి మళ్లీ వెయ్యొద్దు అని రాసినావా, వెయ్యొచ్చు అని రాసినావా? నాకు అక్షరం తెలవదు గదా మే. ఎవుడో ఇది చూసి చక్రం ఇప్పతాడు. మొదట్నించి చదువు. మెల్లిగా చదువు, నేను వింటా.